చక్రం ఒక్కటే చాలని పోరు

చిరంజీవి అమ్మడికి,



నువ్వు అమలాపురం నుంచి పంపిన కథ తీరిగ్గా కూర్చుని చదివాను. నువ్వూ నీ స్నేహితులూ కలిసి సూపర్‌హీరోల ఆన్‌లైన్ ఆట తయారు చేద్దామనుకోవడం, అందులో ఊళ్లన్నీ మన కోనసీమ ఊళ్లే కావడం నాకు చాలా సంతోషం. హీరోయిన్ కొబ్బరితోటలో తన శక్తిని మొదటిసారి గుర్తుపట్టే ఘట్టం నిజంగా బాగా రాశావు. అయితే మంటల్లోంచి పుట్టిన ఆ విలన్‌కి మూడు పేజీల పూర్వకథ రాసి, వాడితో ఆఖరి పోరు దగ్గరికి వచ్చేసరికి "వీడికి పది లక్షల హెల్త్ ఉంటుంది, ఎనిమిది మంది కలిసి కొట్టాలి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

సినిమాలో విలన్ ఎంతటివాడో డైలాగు చెబుతుంది, సీను చూపిస్తుంది. ఆన్‌లైన్ ఆటలో ఆ పని పోరాటమే చెయ్యాలి. నువ్వు ఎంత ముచ్చటపడి వీడియో పెట్టినా ఆడేవాళ్లు మొదటిసారి చూస్తారు, రెండోసారి బటన్ నొక్కి దాటేస్తారు. పోరు మాత్రం వారం వారం ఆడతారు. వాడి కోపం, వాడి తెలివి, వాడి లోటు అన్నీ ఆ పోరులోనే ఆడేవాళ్ల చేతికి తగలాలి. అందుకే బాస్ గురించి, అంటే ఆఖరి పోరులో ఎదురయ్యే విలన్ గురించి, రాసేటప్పుడు ముందు వాడి ఎత్తూ బరువూ కాదు, వాడి నియమం ఏమిటో రాయాలి. ఏం చేస్తే వాడు పెరుగుతాడు, ఏం చేస్తే తరుగుతాడు?

దీనికి దూరం వెళ్లక్కర్లేదు. మన అంతర్వేది స్థలపురాణం చిన్నప్పటి నుంచీ విన్నదే, ఈసారి ఆట రాసేదానిలా విను. రక్తావలోచనుడు హిరణ్యాక్షుడి కొడుకు. వశిష్ఠ గోదావరి ఒడ్డున తపస్సు చేసి శివుడి దగ్గర వరం పుచ్చుకున్నాడు. తన ఒంటి నుంచి కారిన రక్తం ఎన్ని ఇసుక రేణువుల్ని తడిపితే అంతమంది తనలాంటి రాక్షసులు పుట్టుకురావాలి. విశ్వామిత్రుడి మాట మీద వశిష్ఠుడి వందమంది కొడుకుల్నీ చంపాడు. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహస్వామి వచ్చి సుదర్శన చక్రం వేశాడు. చక్రం గురి తప్పలేదు. నెత్తురు కారింది. ఇసుకలోంచి వేలమంది లేచారు. అప్పుడు స్వామి తన మాయాశక్తిని రప్పించాడు. ఆవిడ నాలుక చాపి ఒక్క చుక్క కూడా నేల మీద పడకుండా పట్టింది. ఆ తరవాతే రాక్షసుడు చచ్చాడు. ఆ శక్తే అంతర్వేదిలో అశ్వరూఢాంబికగా, మనవాళ్ల నోట గుర్రాలక్కగా పూజలందుకుంటోంది. ఆ నెత్తురు పారిన పాయ రక్తకుల్య అంటారు.

ఈ కథ కట్టినవాళ్ల తెలివి చూడు. వరం ఇసుక మీద పనిచేసేది, పోరు జరిగేది నది సముద్రంలో కలిసే చోట, ఎటు చూసినా ఇసుకే ఉన్న చోట. కొత్తపేట వైపు వరిచేలో ఇదే యుద్ధం పెడితే ఇంత భయం పుట్టదు. విలన్‌కీ వాడు నిలబడ్డ నేలకీ విడదీయలేని ముడి పడింది. ఇంకో సంగతి, ఇక్కడ బలం ఎంత ఎక్కువైతే కష్టం అంత ఎక్కువ. చక్రం ఎంత లోతుగా దిగితే అంత నెత్తురు, అంతమంది రాక్షసులు. మీ కుర్రాళ్ల భాషలో చెప్పాలంటే డ్యామేజ్ వేసేవాళ్లు తొందరపడితే టీమ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. గెలిపించేది నాలుక చాపిన ఆవిడ. ఏ ఆటలోనైనా అందరూ ముందు ఎంచుకునేది కొట్టే పాత్రనే. శత్రువుని కట్టడి చేసే కంట్రోలర్, గాయాలు మాన్పే హీలర్ కావాలంటే ఎవరూ దొరకరు. ఆ పాత్ర లేకపోతే దేవుడికైనా గెలుపు లేదని చెప్పే బాస్ మన సముద్రపు ఒడ్డున ఎప్పటినుంచో ఉన్నాడు.

నేను అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో రాత్రిళ్లు సిటీ ఆఫ్ హీరోస్ ఆడేవాణ్ని. 2004 ఏప్రిల్‌లో మొదలైన ఆట అది. అందులో నాది డిఫెండర్ పాత్ర. పక్కవాళ్లని కాపాడటం, శత్రువు చేతులు కట్టెయ్యడం నా పని. అక్కడ పై లెవెల్‌కి చేరినవాళ్లందరూ వెళ్లే పోరు హామిడాన్‌ది. వాడు ఒకప్పుడు శాస్త్రవేత్త. మనుషులు భూమిని పాడు చేస్తున్నారన్న కసితో తనని తానే ఒక పెద్ద ఏకకణ జీవిగా మార్చేసుకున్నాడు. హైవ్ అనే చోట కొండంత జిగురు ముద్దలా ఉంటాడు. మధ్యలో కేంద్రకం, చుట్టూ మైటోకాండ్రియాలు. వాటిలో కొన్ని మన మీద దాడి చేస్తాయి, కొన్ని వాడి గాయాల్ని మాన్పుతూ ఉంటాయి. వాటి సంగతి చూడకుండా కేంద్రకాన్ని కొట్టడం వట్టి శ్రమ. పదులకొద్దీ మంది, ఎవరి గుంపుకి ఏ రంగు మైటోకాండ్రియా అప్పగించారో చూసుకుని, ఒకళ్ల మాట మీద కదలాలి. ఆ జిగురులోకి దిగాక తెర మీద ఏదీ సరిగ్గా కనపడదు, పక్కవాళ్ల పేర్లు మాత్రం కనపడతాయి. ఆ పేర్లని నమ్ముకునే నిలబడేవాళ్లం.

కథ రాసేదానిగా నువ్వు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అదే ఆటలో 2010లో ప్రెటోరియా అనే ఇంకో లోకం తెచ్చారు. ఆటలోని అసలు లోకంలో స్టేట్స్‌మన్ అనే మహావీరుడిగా ఉన్న మార్కస్ కోల్ అక్కడ చక్రవర్తి, నియంత. ఎందుకలా అయ్యాడు? ఆ లోకంలో హామిడాన్ దాదాపు అంతా నాశనం చేసేశాడు. మిగిలిన జనాన్ని కోల్ కాపాడాడు. కాపాడినవాడి చేతికే జనం పగ్గాలు అప్పగించారు, వాడు తిరిగి ఇవ్వలేదు. 2012లో వాడితోనే ఆఖరి పోరు పెట్టారు. వాణ్ని కొడుతున్నా, వాడు లేకపోతే ఆ జనం ఏమవుతారన్న ప్రశ్న మనసులో మెదులుతూనే ఉంటుంది. నీ మూడు పేజీల పూర్వకథలో నీ విలన్‌కి జరిగిన అన్యాయాలు చాలా ఉన్నాయి. వాడి వల్ల ఎవరికైనా జరిగిన మేలు ఒక్కటీ లేదు. అది ఒక్కటి చేర్చు, మిగతావాటిలో సగం కొట్టెయ్యి.

ఇప్పుడు నీ విలన్ దగ్గరికే వద్దాం. పాశర్లపూడి మంటల్లోంచి వాణ్ని పుట్టించావు. 1995 జనవరి 8న గ్యాస్ బావి పేలి రేగిన ఆ మంట 65 రోజులు ఆరలేదు. నువ్వు పుట్టకముందు సంగతి, పెద్దవాళ్ల నోట విని రాశావు. ఆ విన్నదాంట్లో నువ్వు వదిలేసినది ఒకటుంది, మంట ఆర్పడం. నీ పోరు మొత్తం అందులోనే ఉంది.

ఇలాంటి బావిని అదుపు చేసే పద్ధతి చూడు. ముందు విరిగిపడ్డ ఇనుప శిథిలాల్ని లాగెయ్యాలి, లేకపోతే బావి మూతి దగ్గరికే వెళ్లలేరు. ఆ లాగేవాళ్లు కాలిపోకుండా వెనకనుంచి ఇంకొందరు ఎడతెరిపి లేకుండా నీళ్లు చిమ్మాలి. తరవాత మంట ఆర్పాలి, బావి మూతికి వాల్వు బిగించాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. మంట ఆరినంత మాత్రాన గెలిచినట్టు కాదు. మంట ఆరి వాల్వు బిగించడం ఆలస్యమైతే లోపలి గ్యాస్ కంటికి కనపడకుండా చుట్టూ పరుచుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే మొదటికంటే పెద్ద ముప్పు.

దీన్ని అలాగే పోరులో పెట్టు. విలన్ హెల్త్ సున్నాకి వస్తే మంట ఆరుతుంది, ఆట మాత్రం అయిపోదు. ఆ క్షణంలో వాల్వు మోసే పని అప్పగించిన ఇద్దరు ఆటగాళ్లూ బావి మూతి దగ్గర ఉండాలి. లేకపోతే నేలంతా గ్యాస్ కమ్ముకుని అందరూ పడిపోతారు. డ్యామేజ్ వేసేవాళ్లు చెయ్యి బిగబట్టి "మీరు సిద్ధమేనా?" అని అడగాలి. దెబ్బలు కాచే ట్యాంక్ మంటని తన వైపు తిప్పుకుని శిథిలాలు తీసేవాళ్లకి దారి ఇవ్వాలి. హీలర్ చేతిలో నీళ్ల గొట్టం. నీ పది లక్షల హెల్త్‌ని రెండు లక్షలకి దించేసినా ఈ పోరు కష్టంగానే ఉంటుంది, ఆడినవాళ్లు ఊరంతా చెప్పుకుంటారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. నీ కథ చివర రెండో విలన్‌ని మన నగరం ఊళ్లో జరిగిన గ్యాస్ పైపులైను పేలుడులోంచి తెద్దామని రాసుకున్నావు. అది వద్దు. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. వాళ్ల ఇళ్లవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఎనిమిది మంది ఓడించి బహుమతులు ఏరుకునే బాస్‌గా ఆ రాత్రిని మార్చే హక్కు మనకి లేదు. ఎప్పుడైనా ఆ ఊరి గురించి రాయాలనిపిస్తే పోరు లేని కథగా రాయి, నేను చదువుతాను.

విలన్‌ని పుట్టించే పని కొంత ఆడేవాళ్లకే వదిలెయ్యొచ్చు కూడా. 2009లో వచ్చిన ఛాంపియన్స్ ఆన్‌లైన్‌లో 25వ లెవెల్‌కి వచ్చాక ఎవరి ఆగర్భ శత్రువుని వాళ్లే తయారు చేసుకుంటారు. వాడి రూపం, వాడి శక్తులు, వాడి అనుచరుల వేషం అన్నీ మన ఇష్టమే. ఆ అనుచరులు మనం వేరే పనిలో ఉండగా వచ్చి మీద పడతారు. మీ చిన్న టీమ్‌కి ఇప్పుడే అంత భారం వద్దు, ఆలోచన మాత్రం దాచుకో. ఇందాక విలన్ వల్ల జరిగే మేలు అన్నాను కదా, దానికి 2011 జనవరిలో వచ్చిన డీసీ యూనివర్స్ ఆన్‌లైన్ మొదలయ్యే తీరు చూడమంటాను. అందులో భవిష్యత్తులో సూపర్‌హీరోలందరినీ చంపి గెలిచిన లెక్స్ లూథరే, బ్రెయినియాక్ అనే ఇంకో విలన్ దండెత్తి వచ్చాక తన గెలుపు ఎంత దండగో తెలుసుకుని వెనక్కి వస్తాడు. మామూలు మనుషులకి శక్తులు పంచేది ఆ విలనే. ఆడేవాళ్లు వాడికి బాకీపడి ఆట మొదలుపెడతారు.

ఇక ఎండ్‌గేమ్. కథ అయిపోయి, లెవెల్స్ నిండిపోయాక జనం ఎందుకు రావాలి? నువ్వు "కొత్త డ్రెస్సులు, కొత్త ఆయుధాలు ఇద్దాం" అని రాశావు. అవి ఉండాలి, కాదనను. కానీ కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి జనం ఎందుకు వస్తున్నారో ఆలోచించు. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. ఏం జరగబోతోందో చంటిపిల్లలకీ తెలుసు. అయినా గంగలకుర్రు ప్రభ కౌశిక నది దాటేటప్పుడు గట్టు మీద అందరికీ ఊపిరి ఆడదు. అంత ఎత్తు ప్రభ, కింద నీళ్లు, కాలు జారే బురద. "అశ్శరభ శరభ" అంటూ భుజాలన్నీ ఒక్కసారే లేవాలి. ఒక్క భుజం ముందు లేచినా ప్రభ ఒరుగుతుంది. నిరుటి నీళ్లు ఈ ఏడు ఉండవు, నిరుడు మోసినవాళ్లందరూ ఈ ఏడు ఉండరు. మీసాలు రాని కుర్రాణ్ని అనుభవమున్న ఇద్దరి మధ్య నిలబెట్టి, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఆగాలో చెబుతారు.

నీ రెయిడ్‌లో, అంటే ఆ ఎనిమిది మంది పోరులో కూడా ముగింపు తెలిసినా ప్రమాదం నిజంగా ఉండాలి. ఒక వారం గాలి తూర్పు నుంచి, ఒక వారం పడమర నుంచి వీచేలా చెయ్యి. గ్యాస్ పరుచుకునే దిక్కు మారుతుంది, నిలబడే చోట్లు మారతాయి. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్ల పక్కన చేసే పని ఒకటి ఉండాలి. నీళ్ల గొట్టం దగ్గర రెండో మనిషిగా నిలబడితే చాలనుకో, మొదటి రోజు నుంచే వాళ్లు దండగమనుషులు కారు. నేర్పినవాళ్లకీ ఏదైనా దక్కేలా చూడు.

బహుమతుల విషయంలో జాగ్రత్త. 2009లో సిటీ ఆఫ్ హీరోస్ వాళ్లు మిషన్ ఆర్కిటెక్ట్ అని ఒక మంచి సదుపాయం ఇచ్చారు. ఎవరైనా తమ కథ తామే రాసి మిగతావాళ్ల చేత ఆడించొచ్చు. అందులో చక్కటి కథలు వచ్చాయి. అయితే తక్కువ శ్రమతో ఎక్కువ పాయింట్లు వచ్చే కథలు కూడా కొందరు అల్లారు. లెవెల్స్ కోసం జనం వాటి మీదే పడ్డారు, కంపెనీ అడ్డుకట్టలు వెయ్యాల్సి వచ్చింది. శ్రద్ధగా రాసిన కథలు ఆ రద్దీలో అడుగున పడిపోయాయి. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నీ ఆటలో ఏ పని సులువో ఆ పనే జనం చేస్తారు. కాబట్టి ఏది సులువో నువ్వే ముందు నిర్ణయించు.

సిటీ ఆఫ్ హీరోస్‌ని 2012 నవంబర్ 30న ఆపేశారు. ఆపుతామని ఆగస్టు ఆఖర్లో చెప్పాక ఆడేవాళ్లు చాలామంది ఆటలోనే అట్లాస్ పార్కులో గుమిగూడి కాగడాలు పట్టుకున్నారు. 2019లో అభిమానులే సర్వర్లు నిలబెట్టారు. 2024 జనవరిలో ఆట హక్కులున్న ఎన్‌సీసాఫ్ట్ కంపెనీ ఆ అభిమానుల్లోని హోమ్‌కమింగ్ బృందానికి లైసెన్స్ ఇచ్చింది. అక్కడ ఇప్పటికీ హామిడాన్ మీదకి గుంపులు కట్టి వెళుతున్నారు. వాడు చచ్చేవాడేనని అందరికీ తెలుసు.

ఈ వారం కంప్యూటర్ జోలికి వెళ్లకు. నీ స్నేహితుల్ని ఎనిమిది మందిని పిలిచి అరుగు మీద సుద్దముక్కతో బావి గీయి. హెల్త్‌కి చింతపిక్కలు, గాలి దిక్కుకి గవ్వలు. ఎవరికి ఏ పాత్రో చెప్పి పోరు ఆడించు. నువ్వు ఆడకు, పక్కన కూర్చుని రాసుకో. ఎవరు పని లేక ఊరికే నిలబడ్డారు, ఎవరు పక్కవాళ్లని పేరు పెట్టి పిలిచారు, వాల్వు మోసేవాళ్ల కోసం ఎవరు ఆగారు. అయిపోయాక మళ్లీ ఆడదామని ఎవరన్నారో, ఎవరు అనలేదో కూడా రాసి పంపు. ఆ అననివాళ్లకి నువ్వు ఏ పాత్ర ఇచ్చావో నాకు ముందు తెలియాలి.

అమ్మకీ నాన్నగారికీ అడిగానని చెప్పు.

మామయ్య