కంటి గీత రెప్ప వెలుపలే: పెన్సిల్ కాటుక క్షేమంగా దిద్దుకునే విధానం

మన వార్డుల్లోనూ, సంఘంలోనూ యౌవనస్థులైన ఆడపిల్లలు, వారి తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ఒక విషయాన్ని ఈసారి ఆరోగ్య పాఠంగా తీసుకున్నాము. అదే కంటికి పెన్సిల్‌తో దిద్దుకునే గీత.

కంటి కొసన తోకలాగా పైకి సాగే గీతను ఇప్పటి పిల్లలు వింగ్డ్ ఐలైనర్ అంటున్నారు. పేరు కొత్తదే గాని గీత పాతదే. కూచిపూడి నర్తకి కంటి గీత కణత వైపు సాగి ఉంటుంది. 1960ల నాటి సినిమాల్లో చాలామంది కథానాయికల కళ్ళకు ఈ తోక ఉండేది.

"కాటుక పెట్టుకుంటే తప్పా సిస్టర్?" అని పిల్లలు అడుగుతారు. "ఈ తోక గీతలు కళ్ళకు చెరుపు, మీరైనా మాన్పించండి" అని తల్లులు అడుగుతారు. బైబిలులో కంటికి రంగు దిద్దుకున్న యెజెబెలూ ఉంది (రెండవ రాజులు 9వ అధ్యాయం), యోబు కుమార్తెల్లో కెరెంహప్పుకు అనే ఆమె కూడా ఉంది (యోబు 42వ అధ్యాయం). ఆ పేరుకు హెబ్రీ భాషలో కంటి కాటుక ఉంచే కొమ్ము అని అర్థం. హృదయ అలంకారం గురించి పాస్టరుగారు చెబుతారు. కంటి ఆరోగ్యం గురించి చెప్పడం మా పని. అందులో మొదటి మాట ఇది: శుభ్రంగా గీసుకున్న తోక గీత, రెప్ప లోపల నింపుకునే కాటుక కంటే కంటికి మేలు. ఎందుకో చూద్దాం.

గీత ఎక్కడ ఉండాలి?

అద్దంలో మీ కింది రెప్పను జాగ్రత్తగా చూడండి. వెంట్రుకల వరుస వెనుక, గుడ్డుకు ఆనుకుని సన్నని తడి అంచు కనిపిస్తుంది. చాలామంది కాటుక నింపేది అక్కడే. ఆ అంచు మీద సన్నని నూనె గ్రంథుల నోళ్ళు వరుసగా ఉంటాయి. పై రెప్పలో సుమారు 25 నుండి 40, కింది రెప్పలో సుమారు 20 నుండి 30 గ్రంథులు ఉంటాయి. వాటి నూనె కన్నీటి మీద పల్చని పొరగా పరుచుకుని కన్ను ఎండిపోకుండా కాపాడుతుంది. రోజూ కాటుక అడ్డుపడితే ఆ నోళ్ళు మూసుకుపోవచ్చు. అప్పుడు కంటి కురుపులు, మంట, ఇసుక పడినట్టు గరగర మొదలవుతాయి.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వారు 2015లో ఒక పరిశీలన ప్రచురించారు. వెంట్రుకల వెలుపల గీసినప్పటి కంటే లోపలి అంచున గీసినప్పుడు పెన్సిల్ రేణువులు త్వరగా, ఎక్కువగా కన్నీటి పొరలో చేరాయని అందులో తేలింది. తోక గీత ఉండేది వెంట్రుకల పైన, పొడి చర్మం మీద. అందుకే దానిని మేలన్నాము.

పెన్సిల్ సంగతి

కంటికి వాడదగినదని రాసి ఉన్న పెన్సిలే కొనండి. తయారైన తేదీ, గడువు, తయారుచేసినవారి చిరునామా ఉండాలి. పెదవుల పెన్సిల్, స్కెచ్ పెన్ కంటి దగ్గర వాడకూడదు. మొదటిసారి వాడే ముందు మోచేతి లోపలి వైపు చిన్న గీత గీసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు వస్తే ఆ పెన్సిల్ మీకు పడదు.

మొన గట్టిగా ఉందని నాలుకతో తడిపే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానండి. నోటిలోని క్రిములు నేరుగా కంటి దగ్గరకు చేరతాయి. చేతి వెనుక నాలుగుసార్లు రుద్దితే మొన తానే మెత్తబడుతుంది.

గీసే పద్ధతి

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. రెప్ప మీద జిడ్డు, చెమట తుడవండి. జిడ్డు ఉంటే గీత చెదిరి కంట్లోకి జారుతుంది.

2. పెన్సిల్ చెక్కండి. చెక్కిన మొన సూదిలా ఉంటుంది కనుక కాగితం మీద కొద్దిగా రుద్ది గుండ్రంగా చేయండి.

3. బల్ల దగ్గర కూర్చోండి. మోచేయి బల్ల మీద, చిటికెన వేలు చెంప మీద ఆనించండి. చేయి వణికే పెద్దవారికి కూడా ఇలా అయితే గీత కుదురుతుంది. కదిలే బస్సులో, ఆటోలో గీసుకోకండి. ఒక్క కుదుపు చాలు, నల్లగుడ్డు గీరుకుపోవడానికి.

4. కళ్ళు తెరిచి అద్దంలోకి తిన్నగా చూడండి. కింది రెప్ప ఏ వాలులో పైకి పోతోందో అదే వాలులో, కంటి కొస దాటి అర సెంటీమీటరు దూరాన చిన్న చుక్క పెట్టండి. రెండో కంటికీ ఇప్పుడే చుక్క పెట్టి రెండూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. చర్మం లాగి పట్టుకుని గీస్తే వదిలిన తర్వాత గీత వంకరవుతుంది.

5. చుక్క నుండి కంటి కొసకు చిన్న గీత కలపండి. తర్వాత పై రెప్ప మధ్య నుండి కొస వరకు, వెంట్రుకల మొదలుకు పైగా, చిన్న చిన్న గీతలుగా కలుపుతూ రండి. కొసన మిగిలిన సందును నింపండి.

6. తప్పు పడితే ఇయర్ బడ్‌తో తుడవండి. గోటితో గీకవద్దు.

కాంటాక్ట్ లెన్సులు వాడేవారు ముందు లెన్సు పెట్టుకుని తర్వాత గీసుకోవాలి. తుడిచేటప్పుడు కూడా ముందు లెన్సు తీయాలి.

తీయడం మరువవద్దు

రాత్రి గీతతోనే పడుకుంటే రంగు కరిగి కంట్లోకి దిగుతుంది. శుభ్రమైన దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, మూసిన రెప్ప మీద కాసేపు ఆనించి, మెల్లగా బయటి వైపు తుడవండి. రెండో కంటికి వేరే దూది తీసుకోండి. తర్వాత కళ్ళు మూసుకుని ముఖం కడుక్కోండి.

ఒకరి పెన్సిల్ ఒకరికే

అక్కచెల్లెళ్ళు, హాస్టలు పిల్లలు ఒకే పెన్సిల్ పంచుకుంటే కళ్ళకలక కూడా పంచుకుంటారు. క్రిస్మస్ నాటిక రోజున గొల్లలకు, జ్ఞానులకు, దేవదూతలకు అందరికీ ఒకే పెన్సిల్‌తో కళ్ళు, మీసాలు దిద్దడం మన సంఘాల్లో మామూలే. సండే స్కూలు టీచర్లకు మా మనవి: ఎవరి పెన్సిల్ వారు తెచ్చుకోవాలి. లేదా శుభ్రమైన పళ్ళెంలో రంగు గీకి ఉంచి, ఒక్కో బిడ్డకు ఒక కొత్త ఇయర్ బడ్‌తో దిద్దండి. వాడిన బడ్ మళ్ళీ పళ్ళెంలో పెట్టకూడదు. కళ్ళు ఎర్రగా ఉన్న బిడ్డకు కంటి దగ్గర ఏమీ పూయవద్దు.

పసిబిడ్డ కళ్ళకు కాటుక వద్దు

అమ్మమ్మలు, నానమ్మలు ఈ మాట మనసుకు పట్టించుకోవాలని ప్రేమతో కోరుతున్నాము. కాటుక పెడితే కళ్ళు పెద్దవి కావు. చూపు పెరగదు. పైగా కొన్ని సుర్మాలు, పొడి కాటుకలు సీసం ఉన్న రాతి పొడితో చేస్తారు. బిడ్డ కళ్ళు నులుముకుని అవే వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది. సీసం ఒంట్లో చేరితే రక్తహీనత వస్తుంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పగల సీసం మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సీసం పదార్థాలను సౌందర్య సాధనాల్లో రంగు కోసం వాడకూడదని మన దేశ చట్టం కూడా చెబుతోంది. అయితే చీటీ లేని పొట్లంలో ఏముందో ఎవరు చెప్పగలరు? ఆముదం దీపం మీద ఇంట్లో పట్టిన కాటుక అయినా, మసి రేణువులు, వేలిగోటి మురికి పసికంటికి హాని చేస్తాయి. పుట్టిన నెలలోపు బిడ్డ కళ్ళు ఎర్రబడినా, వాచినా, పుసులు కట్టినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

ఎప్పుడు మానాలి? ఎప్పుడు రావాలి?

కళ్ళకలక, కంటి కురుపు ఉన్నప్పుడు ఏ గీతా వద్దు. అప్పటికి వాడుతున్న పెన్సిల్ పారవేయండి. శుక్లం ఆపరేషనుకు కాటుక లేకుండా రావాలి. తర్వాత డాక్టరుగారు చెప్పేవరకు పెట్టుకోకూడదు.

మొన కంటికి తగిలితే నలపకండి. శుభ్రమైన నీటితో కడగండి. నొప్పి, ఎరుపు, నీరు కారడం, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటే అదే రోజు కంటి ఓపీకి రండి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు పోయవద్దు. మెడికల్ షాపులో అడిగి చుక్కల మందు కొని వేసుకోవద్దు. కొన్ని చుక్కల మందులు పుండును ఇంకా ముదిరేలా చేస్తాయి.

తల్లులారా, మీ అమ్మాయి కంటి కొసన గీత చూసి కోప్పడేముందు ఆమె పెన్సిల్ ఒకసారి చూడండి. అది శుభ్రంగా ఉందా, ఆమె ఒక్కతే వాడుతోందా, గీత వెంట్రుకలకు వెలుపలే ఉందా అని అడగండి. దేవుడిచ్చిన చూపును కాపాడుకుందాం. ఆయన మీ కుటుంబాలను దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్