రాత్రి ప్రయాణానికి అదనపు దీపాలు: మోటారు సైకిలుదారులకు ఒక పాఠం

బెంగళూరు నుండి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం వైపు సాగే 44వ జాతీయ రహదారి ఈ నగరంలోని అనేక తెలుగు కుటుంబాలకు పుట్టింటి బాట. వారాంతంలో పని ముగించుకొని, చీకటి పడిన పిదప బండిపై ఊరికి బయలుదేరేవారు మనలో తక్కువ కాదు. నగరం దాటాక వీధి దీపాలు పలచబడతాయి. సంక్రాంతి రోజులలో నంది కొండల చుట్టుపక్కల పొగమంచు కూడా తోడవుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అడ్డు వచ్చినదానిని చూచి, బ్రేకు నొక్కి, పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డుపై కూడా సుమారు 50 మీటర్లు పడుతుంది. వెలుతురు అంత దూరం చేరకపోతే, ఆగి ఉన్న ట్రాక్టరు మన కంటబడే సరికే ఆలస్యమైనట్లు.

అయితే కొత్త దీపాలు కొనక ముందు ఉన్న దీపాన్ని పరీక్షించుకోవలెను. మన సాధారణ మోటారు సైకిళ్ళలో చాలావాటికి 35 వాట్ల హాలోజన్ బల్బు ఉంటుంది. దానికి అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. తుప్పు పట్టిన కనెక్టరు, వదులైన ఎర్త్ తీగ, మసకబారిన అద్దం, ఈ మూడూ సరిచేయించుకున్న తరువాత అదనపు దీపాల అవసరమే తీరిపోయినవారు ఉన్నారు.

అప్పటికీ చాలకపోతే, ఏ దీపమో నిర్ణయించుకోవాలి. దూరపు చూపుకు సన్నగా, పొడవుగా సాగే కిరణం కావాలి. పొగమంచుకు వెడల్పుగా పరచుకొని, పైఅంచు గీత గీసినట్లు తెగే కిరణం కావాలి. పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందని మెకానిక్కులు చెప్పే మాటలో నిజం తక్కువ. మంచు దీపానికి మేలు చేసేది రంగు కాదు, దానిని తక్కువ ఎత్తులో బిగించడం. పసుపు వెలుగు కొందరి కంటికి హాయిగా తోచవచ్చు, అంతే.

వైరింగు విషయంలో పొదుపు పనికిరాదు. హెడ్‌లైటు తీగను కోసి, టేపు చుట్టి కొత్త దీపాలకు కలపడం మన వీధులలో నిత్యం చూచే పని. ఆ సన్నని తీగ, స్విచ్చు అంత కరెంటు కోసం చేసినవి కావు, వేడెక్కి కరిగిపోతాయి. బ్యాటరీ నుండి వేరే తీగ తీసి, రిలే ద్వారా దీపాలకు ఇవ్వాలి. 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు రెండైతే 12 వోల్టుల వద్ద మూడున్నర ఆంపియర్లకు లోపే లాగుతాయి గనుక 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఆ ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. హ్యాండిల్ మెడ వద్ద తీగ ఒరుసుకొని షార్టయినా నిప్పు పుట్టక ముందే అది తెగిపోతుంది.

దూరపు దీపాల రిలేకు సంకేతాన్ని హై బీమ్ తీగ నుండే ఇప్పించుకోండి. ఎదుటివారి కోసం డిమ్ చేయగానే అవి కూడా ఆరిపోతాయి. మంచు దీపాలకు మాత్రం వేరే స్విచ్చు ఉండాలి.

చట్టం సంగతి. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని అనుమతి లేకుండా మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. కనుక కొనక ముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో అడగడం క్షేమం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం ప్రకారం, 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని ముందు దీపం మిరుమిట్లు గొలపరాదు.

దీనికి ఇంటి వద్దనే చేయదగిన పరీక్ష ఒకటున్నది. చదునైన నేలపై, గోడకు 5 మీటర్ల దూరంలో బండిని నిలిపి, దీపం ఎత్తును సుద్దతో గోడపై గుర్తించండి. డిమ్ వెలుగు, మంచు దీపాల వెలుగు పైఅంచు ఆ గీతకు కనీసం 5 సెంటీమీటర్లు దిగువన పడాలి.

ఈ పరీక్షను నేను ఒంటరిగా చేసి తృప్తి పడినవాడిని. పండుగకు వెనుక నా భార్యను, ఒక బియ్యం సంచిని ఎక్కించుకొని బయలుదేరగా, వెనుక స్ప్రింగులు కుంగి కిరణం పైకి లేచింది. అది నాకు తెలియలేదు. బాగేపల్లిలో టీ కోసం ఆగినపుడు, అంతవరకు నా ముందు వెళ్ళిన లారీ డ్రైవరు దిగి వచ్చి, "ఏం సామీ, అద్దంలో నాకు రోడ్డే కనపడకుండా చేసినారు గదా!" అన్నాడు. అప్పటి నుండి సామాను కట్టి, వెనుక మనిషిని కూర్చుండబెట్టిన తరువాతనే గోడ ముందు బండిని నిలుపుతున్నాను.