తోడు పెట్టినాక పాలల్లో ఏం జరుగుతుంది?

చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు అడవి అంచు పల్లెల్లో ఒకటి రెండు బర్రెలున్న రైతుకు పొద్దుటి పాలు ఎట్లాగో చెల్లిపోతాయి. ఇబ్బందల్లా సాయంత్రం పాలతోనే. పాల కేంద్రం దూరం, వానాకాలంలో వాగు అడ్డం. మిగిలిన పాలను తోడు పెట్టుకోవడమే దారి. దీనివల్ల పాలు చెడిపోకుండా ఉండటమే కాదు, వాటి గుణమూ మారుతుంది.

పాలలోని మాంసకృత్తుల్లో సుమారు 80 శాతం కేసీన్. దీన్ని పొడుగాటి వెదురు బొంగు అనుకోండి. తోడులోని సూక్ష్మజీవి పాలలోని చక్కెరను తిని పులుపు తయారు చేస్తుంది. పెరుగు గట్టిపడేది ఆ పులుపుతోనే. అయితే పైరుకు యూరియా కావలసినట్టే దానికీ నత్రజని కావాలి. అది కేసీన్ నుంచే రావాలి. అంత బొంగు నోట పట్టదు గనుక తన ఒంటిమీదున్న ఎంజైముతో ముక్కలు కొడుతుంది. ఆ ముక్కలే పెప్టైడులు. అది వాడుకోగా మిగిలినవి పెరుగులో ఉండిపోతాయి.

1995లో జపాను శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ అనే సూక్ష్మజీవితో పులియబెట్టిన పాలలో ఇటువంటి చిన్న పెప్టైడులు రెండింటిని గుర్తించారు. రక్తపోటు పెంచే ఎంజైము పనిని ఇవి అడ్డుకుంటాయి. బీపీ ఉన్న ఎలుకల్లో తగ్గుదల కనిపించింది. మనుషుల్లో ఫలితాలు ఒకే తీరుగా రాలేదు. 2012లో యూరప్ ఆహార భద్రతా సంస్థ రుజువు చాలదని తేల్చింది. పైగా మన తోడులో ఏ జాతి సూక్ష్మజీవి ఉందనేది ఇంటింటికీ తేడా. కాబట్టి మజ్జిగ తాగుతున్నాం కదా అని బీపీ గోళీలు మానవద్దు. సంతలో మజ్జిగ అమ్మేవారు "బీపీ తగ్గును" అని బోర్డూ పెట్టవద్దు.

ఇక తోడు సంగతి. పాలు పొంగు వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు కాగనివ్వాలి. పచ్చిపాలతో క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు మనుషులకు అంటుకునే ప్రమాదం ఉంది. కాగిన పాలు గోరువెచ్చగా అయ్యాకే లీటరుకు ఒకటి రెండు చెంచాల తాజా పెరుగు కలపాలి. మరీ వేడిమీద వేస్తే సూక్ష్మజీవులు చస్తాయి. చలికాలం ముంతకు గోనెసంచి చుట్టి పొయ్యి దగ్గర పెట్టండి. తోడు లేదని కొందరు చింతపండు వేస్తారు. పాలు గడ్డకడతాయి నిజమే, కానీ అది చింతపులుపు పని. బొంగు నరికే కూలీలు అందులో ఎక్కడివి? పక్కింటి తోడు అడిగి తెచ్చుకోవడమే మేలు. పెరుగు చేదెక్కుతుంటే చాలాసార్లు ఆ నరకడం శ్రుతి మించిందన్నమాటే. తోడు మార్చి చూడండి.

పొదుగువాపుకు యాంటిబయాటిక్ మందు వేయించిన బర్రె పాలు ఒక్కోసారి ఎంతసేపటికీ తోడుకోవు. పాలలోకి దిగిన మందు తోడు సూక్ష్మజీవులనూ చంపుతుంది. కాచినంత మాత్రాన ఆ మందు పోదు. పశువైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు కేంద్రానికి పోయవద్దు, ఇంట్లో పిల్లలకూ ఇవ్వవద్దు.