‘మా ఇష్టంతోనే’ అని రాసివ్వకండి

ఈసారి బడులు తెరిచినప్పటి నుంచి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల తల్లిదండ్రులు ఒకే తీరు కేసులతో నా దగ్గరికి వస్తున్నారు. పిల్లలకు ఆరేడేళ్లు. ఒకరికి ఆటిజం, ఒకరికి సెరిబ్రల్ పాల్సీ, ఒకరికి వినికిడి లోపం, ఇంకొకరికి ఎదుగుదలలో ఆలస్యం. మూడేళ్ల వయసు నుంచే స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలకు వెళ్లి, మామూలు పిల్లల పక్కన కూర్చుని ఆటపాటలతో చదువు మొదలుపెట్టిన పిల్లలే వీళ్లంతా. ఒకటో తరగతికి వచ్చేసరికి బడి వద్దంది. వద్దన్నట్టు బడి ఎక్కడా రాయలేదు. ప్రతి ఫైలులోనూ తండ్రిదో తల్లిదో సంతకం ఉన్న ఒక కాగితం మాత్రం ఉంది. ‘మా అబ్బాయిని మా సొంత ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం, టీసీ ఇప్పించగలరు’ అని.

కేసును చంపుతున్నది ఆ కాగితమే. చట్టం మీ వైపు ఎంత గట్టిగా ఉన్నా, అది ఫైలులో చేరాక అధికారికి పని తప్పించుకునే దారి దొరుకుతుంది.

తాజాగా వచ్చిన కేసు చెబుతాను. తండ్రి మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. బాబుకు ఆటిజం. ఒక స్వచ్ఛంద కేంద్రంలో రెండేళ్లకు పైగా నేర్చుకున్నాడు. బొమ్మలు చూపి తనకేం కావాలో చెప్పగలడు, నలుగురితో కలిసి కూర్చోగలడు, తన పేరు రాయగలడు. ప్రైవేటు బడిలో ఒకటో తరగతిలో చేర్చుకున్నారు, ఫీజు కట్టించుకున్నారు. కొన్ని వారాలు గడిచాయో లేదో తండ్రిని పిలిపించారు. ‘మిగతా పేరెంట్స్ ఒప్పుకుంటలేరు. మీ బాబుకు ఇక్కడ కష్టమైతది. టీసీ తీసుకోండి, ఫీజు వాపసు ఇస్తం’ అన్నారు. ఇంగ్లిషులో టైపు చేసిన ఫారం ముందు పెట్టారు. ఆయన సంతకం చేశాడు. ‘ఏం రాసుందో చదివించుకున్నవా?’ అని అడిగితే, ‘పెట్టమన్నరు సార్, పెట్టిన’ అన్నాడు.

ఆ తర్వాత ఆయన సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చాడు. అది కలెక్టరేట్ నుంచి కిందికి దిగి మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గరికి చేరింది. ఆ కార్యాలయం బడికి ఫోన్ చేసి, బడి పంపిన కాగితం జతచేసి, ‘తండ్రి స్వయంగా టీసీ తీసుకున్నందున చర్య అవసరం లేదు’ అని అర్జీని ముగించింది. బడికి వెళ్లి చూసినవారు లేరు, తండ్రిని పిలిచి అడిగినవారు లేరు. ఆ బాబు ఇప్పుడు మళ్లీ కేంద్రానికే వెళ్లి, తనకన్నా మూడేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుంటున్నాడు.

బడికి మీ సంతకం ఎందుకు కావాలి

బడికి మీ సంతకం లేకుండా పని జరగదు. ఎందుకో తెలిస్తే మీరు పెన్ను పట్టుకోరు. రెండు చట్టాలున్నాయి, రెంటిలోనూ గుర్తుపెట్టుకోవలసింది 16వ సెక్షనే.

మొదటిది విద్యా హక్కు చట్టం, 2009. ఇది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక విద్య, అంటే 8వ తరగతి, పూర్తయ్యేవరకు ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయడానికి వీల్లేదని దాని 16వ సెక్షన్ చెబుతుంది. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి 5, 8 తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు కల్పించినా, తీసేయకూడదన్న నిషేధం అలాగే ఉంది. చేర్చుకునేటప్పుడు పిల్లవాడికో తల్లిదండ్రులకో పరీక్ష పెట్టి వడపోయడాన్ని 13వ సెక్షన్ నిషేధిస్తుంది. అలా చేస్తే మొదటిసారి రూ.25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50 వేల దాకా జరిమానా ఉంటుంది.

రెండోది దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి ప్రైవేటు బడీ వివక్ష లేకుండా దివ్యాంగ పిల్లలను చేర్చుకోవాలని దాని 16వ సెక్షన్ చెబుతుంది. పిల్లల అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేయాలి, విడిగా సాయం కావలసిన వారికి అది అందించాలి, వాళ్ల ప్రగతిని కనిపెట్టి ఉండాలి. మైనారిటీ యాజమాన్యాల బడులకు 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రమతి తీర్పు వల్ల విద్యా హక్కు చట్టం వర్తించదు. దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు రాసి లేదు. అందుకే మీ అర్జీలో రెండు చట్టాల పేర్లూ రాయండి.

ఇప్పుడు లెక్క చూడండి. చేర్చుకోనని రాసిస్తే బడి ఇరుక్కుంటుంది, అందుకే నోటిమాటతో పంపేస్తుంది. తీసేశామని రాసినా ఇరుక్కుంటుంది, అందుకే మీ చేత రాయిస్తుంది. బడి చేసిన చట్టవిరుద్ధమైన పనిని మీ సంతకం మీ సొంత నిర్ణయంగా మార్చేస్తుంది. ఫీజు వాపసు ఇస్తామన్నా, మంచి మాటలు చెప్పినా, గదిలో కూర్చోబెట్టి ఒత్తిడి తెచ్చినా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ‘ఇంటికి తీసుకెళ్లి చదివించుకుని వస్తం’ అని లేచి రండి.

ఇదే ఉచ్చుకు ఇంకో రూపం కూడా ఉంది. చేర్చుకునేటప్పుడే ఒక హామీపత్రం రాయించుకుంటున్నారు. పిల్లవాడికి ఏం జరిగినా బడికి బాధ్యత లేదని, పక్కనే ఉండి సాయపడే షాడో టీచర్‌ను మీ ఖర్చుతో మీరే పెట్టుకుంటారని, బడి ఎప్పుడు చెబితే అప్పుడు టీసీ తీసుకుంటారని అందులో ఉంటుంది. చట్టం ఇచ్చిన హక్కును ఇలాంటి రాతలు తుడిచేయలేవని కోర్టులో వాదిస్తాం, గెలవవచ్చు కూడా. అయితే ఆ వాదన తేలేలోపు పిల్లవాడి ఏడాది పోతుంది. దాని మీదా సంతకం పెట్టకండి.

సర్టిఫికెట్ పేరుతో తిప్పితే

‘సదరం సర్టిఫికెట్ తెండి, అప్పుడు చూద్దాం’ అనేది ఎక్కువగా వినిపించే మాట. సదరం అంటే వైకల్య శాతాన్ని ధ్రువీకరించే కాగితం. దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ కింద చేర్చుకోవడానికి 40 శాతం వైకల్యం ఉండాలన్న షరతు లేదు. 31వ సెక్షన్ కింద 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య అడగడానికే ఆ 40 శాతం కావాలి. ఈ తేడా తెలియక ఎందరో తల్లిదండ్రులు క్యాంపుల చుట్టూ తిరుగుతూ అడ్మిషన్ల కాలం దాటబెట్టుకుంటున్నారు. సర్టిఫికెట్‌కు స్లాటు పెట్టుకోండి, అది వచ్చేదాకా మాత్రం అడ్మిషన్ అర్జీ ఆపకండి.

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక కోదాడ సూర్యాపేట జిల్లాలో, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. ఇక కోదాడ దాటితే జగ్గయ్యపేట వైపు ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ‘ఇది మా జిల్లా సర్టిఫికెట్ కాదు’, ‘ఇది ఆంధ్రాది’ అని తిప్పి పంపిన కాగితాలు నేను చూశాను. సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుందని అదే చట్టం 58వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అది చదవని గుమాస్తా మాట విని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకండి.

తేదీ మాత్రం చూసుకోండి. చిన్నపిల్లలకు ఇచ్చేవి చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్లే. మేధోపరమైన వైకల్యానికి 5, 10, 18 ఏళ్ల వయసుల్లో పునరుద్ధరించుకోవాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. 2024లో వాటిని సవరించారు కాబట్టి మీ కాగితం మీద ఏ తేదీ ఉందో దాన్నే పట్టుకోండి. గడువు దాటిన సర్టిఫికెట్‌తో పింఛను కోసమో బడి కోసమో రావడం నా దగ్గరికి వచ్చేవాళ్లు చేసే రెండో పెద్ద పొరపాటు.

ఆరేళ్ల లోపు, కేంద్రాల సంగతి

ఆరేళ్లు నిండని పిల్లల విషయంలో చట్టం బలహీనంగానే ఉంది. ఆరేళ్ల లోపు సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణం చెబుతుంది కానీ, అది ఆదేశిక సూత్రమే. ప్రీస్కూల్ ఏర్పాటు ప్రభుత్వం చేయవచ్చు అంటుందే తప్ప చేసి తీరాలని విద్యా హక్కు చట్టం 11వ సెక్షన్ అనదు. మెదడు చురుగ్గా ఎదిగే వయసులోనే ఈ ఖాళీ ఉంది.

ఆ ఖాళీని చాలావరకు పూడ్చింది స్వచ్ఛంద సంస్థలే. సికింద్రాబాద్‌లో స్వీకార్ 1977లోనే మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 1984లో మనోవికాస్ నగర్‌లో పెట్టిన జాతీయ సంస్థ ఇప్పుడు మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా నడుస్తోంది. అక్కడా అలాంటి చోట్లా శిక్షణ పొందినవారే మన పట్టణాల్లాంటి చోట్ల చిన్న కేంద్రాలు నడపగలుగుతున్నారు. ప్రభుత్వం తరఫున మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందాలున్నాయి. ఎదుగుదలలో తేడాను అంగన్‌వాడీలోనే గుర్తించి, ఆ పిల్లలను మిగతావారితో కలిపి కూర్చోబెట్టాలని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ తెచ్చింది. మీ అంగన్‌వాడీ టీచర్‌ను దాని గురించి అడగండి.

కేంద్రంలో చేర్పించేముందు రెండు కాగితాలు చూడండి. దివ్యాంగుల కోసం సంస్థ నడపాలంటే 2016 చట్టం 50వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. సొసైటీగా రిజిస్టర్ కావడం వేరు, ఇది వేరు, విద్యాశాఖ గుర్తింపు వేరు. ఒకటి చూపి మిగతా రెండూ ఉన్నట్టు చెబితే నమ్మకండి. పిల్లవాడికి నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే చెప్పడానికి మంచి కేంద్రం వెనకాడదు.

కేంద్రాలు నడిపేవారికీ ఒక మాట. మీరు పిల్లలకు చేసే సేవకు చేతులెత్తి దండం పెడతాను. కాగితం దగ్గర మాత్రం చాలామంది చేతులెత్తేస్తున్నారు. బాబు ఏ వయసులో వచ్చాడు, ఏం నేర్చుకున్నాడు, మామూలు తరగతిలో కూర్చోవడానికి ఏ సాయం చాలు అన్నది తేదీలతో రాసి, సంతకంతో తల్లిదండ్రుల చేతికివ్వండి. ‘వీడు మా బడికి పనికిరాడు’ అనే ప్రిన్సిపాల్ మాటకు ఎదురు నిలిచే సాక్ష్యం మీ దగ్గరే ఉంది.

ఇప్పుడేం చేయాలి

అడ్మిషన్ నోటితో అడగకండి. తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు: ‘మా అబ్బాయిని మీ పాఠశాలలో 1వ తరగతిలో చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను. బాబుకు ఆటిజం ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మరియు విద్యా హక్కు చట్టం, 2009 ప్రకారం తగిన ఏర్పాట్లు చేయగలరు. చేర్చుకోలేని పక్షంలో కారణాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ రెండో ప్రతి మీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ప్రతులు మండల, జిల్లా విద్యాధికారులకూ పంపండి. ‘కూర్చుని మాట్లాడుకోండి, సర్దుకుపోండి’ అని ఎంఈఓ అంటే, ఆ మాటే రాసివ్వమని అడగండి. చట్టం అమలు చేయడం ఆయన ఉద్యోగం, మధ్యవర్తిత్వం కాదు.

వాళ్లు కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో 82వ సెక్షన్ ఆయనకు సివిల్ కోర్టుకున్న అధికారాలిచ్చింది. ఆయన సిఫారసు చేస్తే సంబంధిత అధికారి చర్య తీసుకుని మూడు నెలల్లో తెలపాలని 81వ సెక్షన్ చెబుతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి రూ.10 వేల దాకా, మళ్లీ చేస్తే రూ.50 వేల నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయులు లేరని బడి అంటే, అది మీ బిడ్డ తప్పు కాదు. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో ప్రత్యేక ఉపాధ్యాయుల సంఖ్యపై ఆదేశాలిచ్చింది, 2025 మార్చిలో పోస్టులు నోటిఫై చేయాలని రాష్ట్రాలకు మళ్లీ చెప్పింది.

ఇప్పటికే సంతకం పెట్టేశారా? ఈ రోజే బడికి లేఖ రాయండి. ఏ పరిస్థితిలో సంతకం చేయించుకున్నారో, చదివి వినిపించారో లేదో, ఎవరు ఏమన్నారో రాసి, ఆ కాగితాన్ని ఉపసంహరించుకుంటున్నామని, పిల్లవాడిని తిరిగి చేర్చుకోవాలని అడగండి. ఆలస్యమైనకొద్దీ ఆ లేఖ విలువ తగ్గుతుంది. మిర్యాలగూడ కేసులో మాకు మిగిలిన బలం ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్. ‘రేపటి నుంచి బాబును పంపకండి’ అని బడి నుంచి వచ్చింది, సంతకానికి ముందు రోజు తేదీతో. సొంత ఇష్టం అన్న మాట అబద్ధమని చెప్పేది అదే. తండ్రి ఆ ఫోన్‌ను మార్చి కొత్తది కొనబోతుంటే ఆపాను. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. అందుకే మెసేజ్ చెరపకండి, ఫోన్ అమ్మకండి.

లాయరు ఫీజుకు భయపడి ఇంట్లో కూర్చోకండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బడి ఏ కాగితం ముందు పెట్టినా, సంతకానికి ముందు దాన్ని ఫోటో తీసి వాళ్లకు చూపించండి. సంతకం పెట్టాక వస్తే నెలల తరబడి పోరాడాలి, పెట్టకముందు వస్తే ఒక్క లేఖతో పని జరగవచ్చు.