పడమటి గోడ లెక్క

అంగలకుదురు,
12 నవంబరు 2025.

చిరంజీవి బుజ్జికి,

మీ పెద్దమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే, కొత్తగా రాసేదేం లేదు.

నిన్న మీ అత్త ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడుతూ, మన పాత ఇంటి పడమటి గోడ పడగొట్టించి మళ్ళీ కట్టించడానికి నువ్వు కాంట్రాక్టరుకి లక్ష రూపాయలు అడ్వాన్సు పంపబోతున్నావని చెప్పింది. మొత్తం 2,40,000 అట. నాకు చెప్పనందుకు కోపం లేదు. అబద్ధం, ఉంది. రెండు వీధుల అవతల ఉన్నాను, వారానికోసారి ఆ గోడ పక్కనుంచే పాలకి వెళ్తాను. సరే, అది తర్వాత చూసుకుందాం. డబ్బు ఇంకా పంపలేదు గదా? ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అంటావు. నీ సరేలు చిన్నప్పటినుంచీ ఎరుగుదును, అందుకే ఉత్తరం.

మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినా మనకీ వాన తప్పలేదు. ఆ వానకి కిటికీ కింద సిమెంటు పెచ్చు ఊడిపడింది. లోపల ఇటుక ఎర్రటి పొడిలా రాలుతోంది. దాని ఫొటో చూసి నువ్వు జడిశావు. ఎవరైనా జడుస్తారు. ఇల్లు పడిపోతుందనే అనుకుంటారు.

ముందు ఆ 2,40,000 ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. గోడ పొడవు 32 అడుగులు, ఎత్తు 11. అంటే 352 చదరపు అడుగులు. అడుక్కి 680 వేస్తే 2,39,360. ఇంకో ఆరు వందల నలభై కలిపి కాంట్రాక్టరు గుండ్రం చేశాడు. అంటే ఆయన టేపు పెట్టి కొలిచాడే గానీ గోడని చూడలేదు. ఆ గోడ మందం మూరెడు. దాని స్థానంలో తొమ్మిదంగుళాలది కడతాడట. ఇప్పుడున్న దూలాలు ఆ గోడ మీదే కూర్చున్నాయి. గోడ తీస్తే పెంకూ దూలాలూ గాల్లో ఉంటాయా? వాటికి ఊతాలు పెట్టే ఖర్చు ఆ లెక్కలో ఉందేమో అడిగావా? ఉండదు. పని సగమయ్యాక, ఇల్లు విప్పి ఉన్నప్పుడు, "సార్, ఇదొకటి ఉంది" అంటాడు. అప్పుడు నువ్వు కాదనలేవు.

ఆదివారం మన మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళి గోడంతా తట్టి చూశాను. గుల్లగా మోగింది కింది నాలుగడుగుల పూత. ఇటుక నిజంగా చెడింది 14 అడుగుల పొడవున, నేలనుంచి రెండడుగుల ఎత్తు దాకా, అదీ బయటి వరస మాత్రమే. లోపలి వరసల్లోకి ఇప్పటికీ తాపీ పొడిచినా దిగదు. ఇక కిటికీ మూలనుంచి మెట్లుమెట్లుగా పాకిన పగులు. అది మన నల్లరేగడి వల్ల వచ్చింది. కాలవ కట్టేసిన వేసవిలో నేల నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది, పైన గోడ దాంతోపాటు ఆడుతుంది. మీ తాతయ్య పగులు చివర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేసేవాడు. 1986 తేదీ ఇంకా కనబడుతోంది. పగులు దాన్ని దాటి నాలుగు వేళ్ళు మాత్రమే వచ్చింది. దాదాపు 40 ఏళ్ళకి నాలుగు వేళ్ళు. ఆ మూల ఒక గాజుముక్క అడ్డంగా అతికించి వచ్చాను. అది విరిగితే కదులుతున్నట్టు, లేకపోతే నిద్రపోతున్నట్టు.

చదువుకున్నవాడివి, కోప్పడుతున్నానని అనుకోకు. నీకు నాలుగేళ్ళప్పుడు లోపలి వైపు నడవా గోడ సున్నం గిల్లి తినేవాడివి. మీ అమ్మ అక్కడ వేపాకు ముద్ద పూసింది, నువ్వు దాన్ని చొక్కాకి తుడిచేసి మరీ తిన్నావు. ఆ గోడలో కొంత నీ కడుపులోకే పోయింది. అందుకని నీకు దాని మీద హక్కు ఉంది, కాదనను.

ఇప్పుడు నా లెక్క. చిన్న పని ఎప్పుడూ అడుగుల లెక్కన రాదు, రోజుకూలి లెక్కనే వస్తుంది. ఇది గుర్తుపెట్టుకో. కొత్త గోడ మీద మేస్త్రి రోజుకి ఐదు వందల ఇటుక పేరుస్తాడు. పాత గోడలో ఒక్కొక్క చెడ్డ ఇటుకనీ ఉలితో తొలిచి, దుమ్ము ఊది, నీళ్ళు చల్లి, మళ్ళీ బిగించాలంటే వంద దాటడు. అందుకే మరమ్మత్తు అడుక్కి చూస్తే కొత్తదానికంటే ప్రియం, మొత్తానికి చూస్తే చవక. మా ఊళ్ళో మేస్త్రి వెయ్యి అడుగుతున్నాడు, మగకూలి 800, ఆడకూలి 600. ఆ 14 అడుగులూ ఒకేసారి తొలవకూడదు. మూడడుగులు తీసి కట్టి, మూడడుగులు వదిలి, అవతల తీసి కట్టాలి, లేకపోతే పైది కూర్చుంటుంది. ఆరు రోజుల పని. 14,400.

ఇటుక కొనొద్దు. కొత్తది బండి దిగేసరికి తొమ్మిదీ పదీ పడుతోంది. మన పెరట్లో 1977లో కూలిన గొడ్లసావిడి ఇటుక గుట్ట ఉంది గదా, పాములని మీ పెద్దమ్మ తిట్టేది, అదే. అది సున్నంతో కట్టినది, సుత్తి తాకిస్తే పొర ఊడి శుభ్రమైపోతుంది. సిమెంటుతో కట్టిన ఇటుకని అలా విడదీయలేం, ఇటుకే విరుగుతుంది. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూశాను, కంచులా మోగాయి. ఒకటి తూచి, రాత్రంతా నీళ్ళలో పడేసి, పొద్దున మళ్ళీ తూచాను. మంచి ఇటుక తన బరువులో ఐదో వంతుకి మించి నీళ్ళు తాగకూడదు. ఇది అంతకంటే తక్కువే తాగింది. కాంట్రాక్టరు కాగితంలో చివర "పాత మెటీరియల్ మాది" అని ఉంటుంది చూడు. ఉంటే కొట్టేయించు.

భట్టిప్రోలు కథ గుర్తుందా? మీ నాన్నా నేనూ సైకిళ్ళ మీద వెళ్ళాం, నాకు పదిహేడు, వాడికి పదమూడు. వెనక చక్రం గాలి పోయి వాడు ఏడ్చాడు. ఆ స్తూపం ఇటుక 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 8 మందం. మూరెడు ఇటుక. రెండు వేల ఏళ్ళకి పైబడినది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి భరిణలు బయటపెట్టేలోపే ఆ దిబ్బ ఇటుక చాలా భాగం రోడ్లకి పోయింది. బుద్ధుడి ధాతువుల మీద పేర్చిన ఇటుకకే ఆ గతి పట్టింది. మన గుట్టని ట్రాక్టరులో ఎత్తుకుపోతే నేను చూస్తూ ఊరుకుంటానా?

ఇసుకకీ సున్నానికీ 6,000. ఇసుక 2024 జులై నుంచి ఉచితమే, నిజమే, అయితే ఎత్తే కూలీ ట్రాక్టరూ ఉచితం కాదు. సున్నంలో ఇటుకపొడి, అదే సుర్కీ, కలపాలి. అది కలిస్తేనే తడిలోనూ గట్టిపడుతుంది. కింది నాలుగడుగులు, అంటే 128 చదరపు అడుగులు, మళ్ళీ సున్నంతో పూయడానికి కూలి అడుక్కి నలభై, 5,120. పగులు దగ్గర అడుగుకొక చోట వరస తీసి పొడుగాటి రాయి అడ్డంగా బిగించడానికి 4,000. చూరు కింద తొట్టిగొట్టం, కిందికి నాలుగంగుళాల పైపు, గోడ మొదట్లో వాలుగా గచ్చు, 6,500. రద్దు ఎత్తడానికి రెండు ట్రిప్పులు 3,000. మొత్తం 39,020. గోడ విప్పాక ఏం కనిపిస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు కాబట్టి పది వేలు విడిగా పెట్టుకో. ఖర్చు కాకపోతే నీ కొడుక్కి సైకిలు కొను. పాత సిమెంటు ఒలిచే కూలి ఇందులో కలపలేదు. ఎందుకో చివర చెబుతాను.

పైపుకి 6,500 ఎందుకని అనకు. మొదట చేయాల్సింది అదే. అద్దెకున్న టీచరమ్మ గారు బట్టలుతికే తొట్టి గోడకి ఆనించి పెట్టారు, ఆ నీళ్ళన్నీ పునాదిలోకే. చూరు నీళ్ళూ అక్కడే. ఎక్కణ్ణుంచి నీరొస్తోందో చూడకుండా ఇటుక మార్చడం, చిల్లు కుండకి కొత్త మూత పెట్టడం.

ఇక సిమెంటు. బుజ్జీ, ఇదొక్కటి నా మాట విను. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బస్తా చవకైందని కాంట్రాక్టరు నీకు చెప్పే ఉంటాడు. ఊరికే ఇచ్చినా ఆ గోడకి వద్దు. నేలలోంచి తేమ ఇటుకలోకి ఎక్కుతుంది, మన డెల్టాలో ఎక్కక మానదు. సున్నపు పూతా సున్నపు దర్జులూ ఉంటే ఆ తడి ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. ఉప్పు తెల్లగా పైకొస్తుంది, చీపురుతో ఊడ్చేస్తాం. పైన సిమెంటు పెడితే దారి మూసినట్టే. తడి లోపలే ఇంకా పైకి ఎగబాకుతుంది, ఉప్పు ఇటుక కడుపులో గడ్డకడుతుంది, ఇటుక పిండి అవుతుంది. బయట మాత్రం నున్నగా మెరుస్తుంటుంది. ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా గోడలు తడుతున్నానని మీ పెద్దమ్మకి సిగ్గుగా ఉంది. మొన్న పినపాడులో పెళ్ళిచూపులకి తీసుకెళ్ళారు. అమ్మాయి కాఫీ తెచ్చేసరికి నేను హాల్లో గోడకి చెవి ఆనించి ఉన్నాను. గుల్ల. గ్రానైటు పలకలు అతికించారు నడుం ఎత్తు దాకా, వెనకంతా గుల్ల. చెబితే బాగుండదని ఊరుకున్నా. సంబంధం కుదరలేదు. అది గోడ వల్ల కాదు, కట్నం వల్ల.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సిమెంటు పూసింది నేనే.

1977 నవంబరు 19న దివిసీమని ముంచిన తుపానుకి మన సావిడి పడింది. ఆ రాత్రి మీ నాన్న దూడని వంటింట్లోకి మోసుకొచ్చాడు, అది పొద్దున్నకి పిండిడబ్బా తిరగబోసింది. పడమటి గోడకి ఏమీ కాలేదు, కాస్త సున్నం చెదిరింది, అంతే. నాకప్పుడు ఇరవై నాలుగు. సిమెంటు కంట్రోలు సరుకు. 1982లో కొంత, 1989లో పూర్తిగా కంట్రోలు ఎత్తేశారు గానీ, అప్పట్లో బస్తా కావాలంటే పర్మిట్టు. ఆఫీసుల చుట్టూ రెండు నెలలు తిరిగి ఐదు బస్తాలు సంపాదించాను. రిక్షాలో తెనాలి నుంచి తెస్తుంటే రైలు గేటు దగ్గర జనం ఆగి చూశారు. గోడంతా ఒకటికి మూడు పాళ్ళతో రాయిలా పూయించాను. మీ తాతయ్య వచ్చి చేతికర్రతో ఒక్కసారి తట్టి, "మెరుస్తోంది" అన్నాడు. అంతే అన్నాడు. పొగిడాడని మురిసిపోయాను.

1990 మే తుపాను తర్వాత కింద ఉబ్బింది, దాని మీదే మళ్ళీ పూశాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం బాపట్ల దగ్గర దాటాక ఇంకోసారి. ఆ పూతకి డబ్బు మీ నాన్న ఇచ్చాడు, నేను దగ్గరుండి పూయించాను. ఎప్పుడూ లోపల చూడలేదు. మొన్న పెచ్చు ఊడినచోట చెయ్యి పెడితే తెలిసింది. మీ నాన్నకి చెప్పే వీలు లేదు. అందుకని నీకు చెబుతున్నాను.

ఎవరికైనా సరే పనికి ముందు మూడో వంతుకి మించి ఇవ్వకు. ఏ పాళ్ళు, ఎన్ని అడుగులు, రద్దు ఎవరిది, అన్నీ కాగితం మీద రాయించు. చివరి ఐదు వేలు ఒక వాన పడి, గోడ చూశాక ఇవ్వు. పూత అయ్యాక పదిహేను రోజులు గోనెపట్టాలు తడిపి కప్పాలి, అది నేను చూసుకుంటాను, నాకేం పని ఉంది.

సోమవారం మేస్త్రి వస్తానన్నాడు. టీచరమ్మ గారు తొట్టి జరపడానికి ఒప్పుకున్నారు. సిమెంటు ఒలవడానికి ఒక మగకూలి, ఒక ఆడకూలి, రెండు రోజులు, 2,800. ఆ డబ్బు నాది, దాని గురించి మాట్లాడొద్దు. నువ్వు ఆదివారం రాత్రి బస్సెక్కు. లక్ష మాత్రం పంపకు.

నీ
పెదనాన్న