చలికాలం పిట్టల్ని చూడటం, ఫోటో తీయడం: అడవి అంచు చేను నుంచి ఒక పాఠం

కంది చేలో పెట్టిన పంగల కర్రల వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఆ పిట్టలు అంత దగ్గరగా ఎట్లా దొరికినయ్? ఏ కెమెరా?" కెమెరా సంగతి చెప్తాను గానీ, అది ఈ పాఠంలో చిన్న భాగమే. ముందు పిట్టని చూడటం నేర్చుకోవాలి. నేను కూడా ఒక తప్పు చేశాకే నేర్చుకున్నాను. అదీ కింద రాశాను.

మా చేను జన్నారం వైపు, కవ్వాల్ టేకు అడవి అంచున ఉంది. 2012లో ఆ అడవిని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అనుమతి లేకుండా లోపలికి పోకూడదు, పోవాల్సిన అవసరం కూడా లేదు. చలికాలంలో అడవి పిట్టలు గట్టు మీది చెట్ల దాకా వాటంతట అవే వస్తాయి.

చలికాలమే ఎందుకు?

మూడు కారణాలు. ఒకటి, వలస పిట్టలు. సెప్టెంబరు, అక్టోబరు నుంచి రావడం మొదలై, మార్చి, ఏప్రిల్ దాకా మన దగ్గరే ఉంటాయి. రెండు, టేకు ఆకు రాలుతూ ఉంటుంది కాబట్టి కొమ్మల్లో పిట్ట స్పష్టంగా కనబడుతుంది. మూడు, ఎండ మెత్తగా ఉంటుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వచ్చే పక్క వెలుతురు ఫోటోకి చాలా బాగుంటుంది.

ముందు ఈ రెండింటిని గుర్తుపట్టండి

మొదటిది ఎర్రగొంతు ఫ్లైకాచర్. పిచ్చుక కంటే చిన్నది, బరువు సుమారు పది గ్రాములు. తూర్పు ఐరోపా, పశ్చిమ సైబీరియా అడవుల్లో పిల్లల్ని చేసి మన దగ్గరికి వస్తుంది. పేరులో ఎరుపు ఉందని గొంతు మీద ఎరుపు కోసం వెతక్కండి. ఆడవాటికి, చిన్న వయసు మగవాటికి అది ఉండదు. తోక చూడండి: నల్లటి తోక, మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చ. కొమ్మ మీద వాలగానే తోక పైకి లేపుతుంది. "ట్ర్‌ర్‌ర్" అని ఎండు కొమ్మ గీకినట్టు అరుస్తుంది. దీని అన్నదమ్ముల్లాంటి ఇంకో రకం, టైగా ఫ్లైకాచర్, ఇంకా తూర్పు నుంచి వస్తుంది. రెండూ ఒకేలా ఉంటాయి. మొదట్లో వీటిని విడదీయాలని తల బద్దలు కొట్టుకోవద్దు.

రెండోది గ్రీనిష్ వార్బ్లర్. ఆకుపచ్చ, బూడిద కలిసిన రంగు, కంటి పైన పొడుగు తెల్ల గీత, రెక్క మీద సన్నటి గీత. ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది. హిమాలయాల నుంచీ, ఇంకా ఉత్తరం నుంచీ వస్తుంది. కంటికంటే ముందు చెవికి దొరుకుతుంది: "చిస్లీ, చిస్లీ". వీడియోలో మొదటి రెండు నిమిషాలు బొమ్మ చూడకుండా ఈ పిలుపు మాత్రం వినండి. రేపు మీ వేపచెట్టు మీద అది వినబడితే మీకే తెలిసిపోతుంది.

తిరగొద్దు, కూర్చోండి

కొత్తవాళ్ళు పిట్ట వెంట పడతారు. పిట్ట ఎగిరిపోతుంది, వీళ్ళు మళ్ళీ వెంట పడతారు. అట్లా కాదు. సూర్యుడు వీపు వైపు ఉండేలా ఒక చెట్టు మొదట్లో కూర్చోండి. మట్టి రంగు చొక్కా చాలు. మొదటి ఇరవై నిమిషాలు కెమెరా ముట్టుకోవద్దు. మనం వచ్చిన అలజడి సద్దుమణగాలి కదా.

అప్పుడు గుంపు వస్తుంది. చలికాలం అడవిలో చూడాల్సిన అసలు సంగతి ఇదే. చిన్న పిట్టలు జాతి వేరైనా కలిసి మేతకి తిరుగుతాయి. నారింజ రంగు కడుపు మినివెట్లు చెట్టు పైన, తెల్ల బుగ్గల టిట్లు కొమ్మల్లో, నట్‌హాచ్ తల కిందికి పెట్టి బెరడు మీద, వడ్రంగి పిట్ట మొద్దు మీద. వీటితో పాటు తోక చివర రెండు తీగలు వేలాడే పెద్ద ఏట్రింత. మిగతావి కదిలించిన పురుగుల్ని ఇది పట్టుకుంటుంది, డేగ కనబడితే ముందు అరిచేదీ ఇదే. వేరే పిట్టల గొంతులు కూడా అనుకరిస్తుంది. అన్ని కళ్ళు కలిస్తే కాపలా తేలికవుతుంది. ఒక్కొక్కదానికి తినడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

గుంపు పది నిమిషాల్లో మిమ్మల్ని దాటిపోతుంది. వెంట పడకండి. వాటి దారి గుర్తుపెట్టుకుని, రేపు అదే వేళకి అక్కడే కూర్చోండి.

కెమెరా గురించి నాలుగు మాటలు

నాది 300 ఎంఎం లెన్సు. దూరం లాగే చిన్న జూమ్ కెమెరా అయినా నడుస్తుంది. కూర్చున్న పిట్టకి షట్టర్ 1/500, కదులుతుంటే 1/1000 కంటే తగ్గొద్దు. ఐఎస్ఓ ఆటోలో పెట్టండి. కొంచెం గరుకు వచ్చినా ఫర్వాలేదు, కదిలిపోయిన ఫోటోని ఏమీ చేయలేం. ఫోకస్ ఒకే చుక్క, అది పిట్ట కంటి మీద. వెనక ఆకాశం ఉంటే పిట్ట నల్లగా వస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ +1 చేయండి. చలిలో తిరిగిన కెమెరాని వెచ్చటి ఇంట్లోకి తేగానే సంచిలోంచి తీయొద్దు, అద్దం మీద తేమ పడుతుంది. అరగంట అట్లాగే ఉంచండి.

జనవరి, ఫిబ్రవరిలో బూరుగ చెట్టు ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. దాని ఎదురుగా కూర్చుంటే గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు అన్నీ అక్కడికే వస్తాయి. ఆ తర్వాత మోదుగ పూస్తుంది. పువ్వు ఉన్నచోట పిట్టని పిలవాల్సిన పని లేదు.

నేను చేసిన తప్పు

పిలవడం అంటే గుర్తొచ్చింది. కిందటేడు డిసెంబరులో ఎర్రగొంతు ఫ్లైకాచర్ ఒకటి మా కంచె మూలన రోజూ కనబడేది, కానీ నీడలోనే ఉండేది. ఫోన్‌లో దాని పిలుపు పెట్టాను. వెంటనే ఎండలోకి, నా ఎదురుగా వచ్చింది. ఆపితే పోయేది, పెడితే వచ్చేది. అరగంటకి పైగా అట్లా ఆడించాను. గొంతు మీద ఎరుపు మెరుస్తూ వీడియో బ్రహ్మాండంగా వచ్చింది.

పక్కన పసులు కాసే తాత గట్టు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. చివరికి అన్నాడు: "ఏంది బిడ్డా, పొద్దుగాల నుంచి చూస్తున్న. ఆ పిట్ట ఒక్క పురుగన్న తిన్నదా?"

నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చి వీడియో మొత్తం మళ్ళీ చూశాను. తినలేదు. ఒక్కటి కూడా. ఆ చిన్న ప్రాణం చలికాలంలో కూడా తన మేత జాగా కాపాడుకుంటుంది. ఇంకో పిట్ట వచ్చి తన జాగా ఆక్రమిస్తోందనుకుని, లేని శత్రువుతో కొట్లాడింది. పగలు చిన్నది, రాత్రి పొడుగు, చలి. పది గ్రాముల ఒంటితో ఆ రాత్రి గడవాలంటే పగలంతా తినాలి. ఆ తిండి వేళ నేను తీసేసుకున్నాను. తర్వాత వారం రోజులు ఆ మూలన అది కనబడలేదు. ఎక్కడికి పోయిందో, ఏమైందో నాకు తెలియదు. ఆ వీడియో తీసేశాను. అప్పట్నించి పిలుపులు పెట్టడం లేదు, పురుగులు ఎర వేయడం లేదు.

ఇప్పుడు నా కొలత తాత అడిగిన ప్రశ్నే. నేను ఉన్నంతసేపూ పిట్ట తన పని తాను చేసుకుంటోందా? తినడం ఆపి, మెడ నిక్కించి నా వైపే చూస్తే రెండు అడుగులు వెనక్కి వేస్తాను.

రాసుకోండి

ఫోటోలో పిట్ట ఉంటుంది. అది ఏం చేసిందో ఉండదు. అందుకే చిన్న నోటుబుక్కు పెట్టుకోండి: తేదీ, వేళ, చెట్టు పేరు, ఎంత ఎత్తులో ఉంది, ఏం తింటోంది. ఊళ్ళో పెద్దవాళ్ళు దాన్ని ఏమంటారో అదీ రాయండి. మన మాటలు చిన్నవి కావు. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు వాడే 'పిట్టా' అనే జాతి పేరు మన తెలుగు 'పిట్ట' నుంచే వెళ్ళింది. ఈ-బర్డ్‌లో కూడా లెక్క ఎక్కించవచ్చు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పిట్టల లెక్కింపు ఉంటుంది, దానికి మీ చేను చాలు.

ఆ నోటుబుక్కే నాకు చేను సంగతి చెప్పింది. గట్టు మీద ఎండిపోయిన ఇప్ప మొద్దుని వంటచెరుకుకి కొట్టిద్దామనుకున్నాను. రాసుకున్నవి తిరగేస్తే వడ్రంగి పిట్ట, నట్‌హాచ్, పైడికంటి అన్నీ దాని మీదే. తొర్రలో పైడికంటి జంట ఉంది. ఎలుకల్నీ పురుగుల్నీ పట్టే కాపలాదారుని నేనే వెళ్ళగొట్టేవాణ్ణి. మొద్దు అట్లాగే ఉంది. ఆచ్ఛాదన వేసిన మడుల్లో ఆకు కింద పురుగులు వెతికే పిట్టలు, ఖాళీ నేల మీద కంటే ఎక్కువసార్లు కనబడ్డాయి. పంగల కర్రలు కంది కంటే ఎత్తుగా ఉన్నచోటే ఏట్రింతలు వాలాయి, అందుకే ఈసారి అన్నీ పొడుగువి పాతాను. పిట్టలతోనే కాయతొలిచే పురుగు మొత్తం పోతుందని చెప్పను. కానీ మందు కొట్టని చేలో వాటికి మేత ఉంటుంది, మేత ఉంటే వస్తాయి.

ఈ డిసెంబరులో ఆ కంచె మూలన మళ్ళీ ఒక ఎర్రగొంతు ఫ్లైకాచర్ వచ్చింది. అదేనో, ఇంకోటో చెప్పలేను. వీడియో చివర్లో ఉన్నది అదే. నీడలో ఉంది, బొమ్మ అంత స్పష్టంగా రాలేదు. కానీ చూడండి, మూడు నిమిషాల్లో నాలుగు పురుగులు పట్టింది.

రేపు పొద్దున మీ గట్టు మీద అరగంట కూర్చోండి. మొదటి రోజు కెమెరా ఇంట్లోనే పెట్టండి. ఏం కనబడిందో, మీ ఊళ్ళో దాన్ని ఏమంటారో రాయండి.