ఆల్కలైన్ నీళ్లు తాగితే రక్తం మారుతుందా?

ప్రశ్న: మావారికి 56 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఈమధ్య నీరసంగా ఉంటున్నారు. ఒంట్లో ఆమ్లం పెరగడమే కారణమని, ఆల్కలైన్ నీళ్ల మెషీన్ పెట్టించుకుంటే రక్తం క్షారంగా మారి జబ్బులు తగ్గుతాయని ఒకాయన ఇంటికొచ్చి మరీ చెప్పారు. కొనమంటారా? ఈలోగా వంటసోడా కలిపిన నీళ్లు ఇవ్వవచ్చా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మెషీన్ అక్కర్లేదు. వంటసోడా నీళ్లయితే అసలు వద్దు. అందులోని సోడియం బీపీ ఉన్నవారికి చేటు.

రక్తం ఎప్పుడూ కొద్దిగా క్షారంగానే ఉంటుంది. దాని పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉండాలి. తాగిన నీళ్ల పీహెచ్ 9 ఉన్నా, అవి ముందు చేరేది జీర్ణాశయానికి. అక్కడి రసం పీహెచ్ 1.5 నుంచి 3.5. నీళ్లలోని ఆ కాస్త క్షారం అక్కడే ఖర్చయిపోతుంది. ఎక్కువ క్షారం రక్తంలో చేరినా కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. అమ్మేవాళ్లు మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారిందని చూపించి మురిపిస్తుంటారు. మారింది మూత్రమే, రక్తం కాదు.

నిజానికి ఆమ్లాన్ని రోజూ తయారుచేసేది మన శరీరమే. మాంసకృత్తులు అరిగే క్రమంలో కిలో బరువుకు సుమారు ఒక మిల్లీ ఈక్వివలెంట్ చొప్పున ఆమ్లం పుడుతుంది. దానికి ఎన్నో రెట్లు కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది, అదీ నీటిలో కలిస్తే ఆమ్లమే. ఆమ్లం పుట్టగానే రక్తంలోని బైకార్బొనేట్ దాన్ని పట్టేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ఊపిరితిత్తులు బయటకు వదులుతాయి. ఆమ్లం పెరిగితే మెదడు నిమిషాల్లో శ్వాస వేగం పెంచుతుంది. కిడ్నీలది నిదానమైన పని. ఆమ్లాన్ని అమ్మోనియం రూపంలో పారబోసి, ఖర్చయిన బైకార్బొనేట్‌ను మళ్లీ తయారుచేస్తాయి. పూర్తిగా సర్దుకోవడానికి వాటికి కొన్ని రోజులు పడుతుంది.

ఈ లెక్క ఒకప్పుడు డాక్టర్లనే బోల్తా కొట్టించింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు పడిపోయినవారి రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా కనిపించడంతో, రక్తం క్షారమైందని బ్లెగ్‌డామ్ ఆసుపత్రి వైద్యులు అనుకున్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ మాత్రం ఒప్పుకోలేదు. గాలి ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుందని, రక్తం నిజానికి ఆమ్లమైందని ఆయన వాదన. ఆ ఆగస్టులో పన్నెండేళ్ల అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేసి, రబ్బరు సంచితో చేత్తో గాలి పంపిస్తే ఆమె బతికింది. ఆ తర్వాత వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. నేటి ఐసీయూలకు నాంది అక్కడే పడింది.

షుగర్ ఉన్న ఇంట్లో భయపడవలసిన ఆమ్లం వేరే ఉంది. ఇన్సులిన్ బాగా తగ్గితే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. అవి ఆమ్లాలు. బైకార్బొనేట్ చాలక, రోగి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. 1874లో జర్మన్ వైద్యుడు కుస్మాల్ వర్ణించిన శ్వాస ఇదే. చూసేవాళ్లు ఉబ్బసమనుకుని ఇన్‌హేలర్ వెతుకుతారు. దీనికితోడు వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, మగత ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారిలో షుగర్ అంతగా పెరగకుండానే ఈ స్థితి రావచ్చు. కాబట్టి గ్లూకోమీటర్ అంకె చూసి ధీమా పడకూడదు, కీటోన్ పరీక్ష అడగాలి.

కిడ్నీ జబ్బు ముదిరినవారికి డాక్టర్లు సోడియం బైకార్బొనేట్ మాత్రలు రాస్తారన్నది నిజమే. అది రక్త పరీక్ష చూసి, మోతాదు లెక్కగట్టి ఇచ్చే మందు. వంటింటి డబ్బాలోంచి చెంచాతో తీసి కలుపుకునేది కాదు. ఇక పుల్లగా ఉందని నిమ్మరసం మానేసేవారూ ఉన్నారు. అందులోని సిట్రేట్ ఒంట్లోకి వెళ్లాక బైకార్బొనేట్‌గా మారుతుంది!

ఈ పాఠకురాలి భర్త నీరసానికి కారణం బహుశా మరెక్కడో ఉంది. మెషీన్ డబ్బుల్లో కొద్ది భాగంతోనే హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ పరీక్షలు అయిపోతాయి. చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ వాడుతుంటే విటమిన్ బీ12 కూడా చూడమనాలి.